సంతకం పెట్టేముందు, వరహాలూ

కూర్చో. టీ చల్లారితే చల్లారనీ.
ఆ కాగితాలు ఇలా తే.
నీ పేరులోనే వరహాలున్నాయి గాని
చేతిలో ఉన్నవి షిప్‌యార్డు జీతం చీటీలు ఆరు,
మీ ఆవిడ గొలుసు కుదవపెట్టిన రసీదు ఒకటి.

ముందు నేల సంగతి.
అడివివరం వైపు చవగ్గా వస్తోందని ఎగిరిపడకు.
అది దేవుడిదో మనుషులదో తేలేదాకా
మేనేజరు ఫైలు ముట్టుకోడు.
అప్పన్న పేరులో అప్పుంది గాని
ఆయన కొండ కింద అప్పు పుట్టదు.
ముప్పై ఏళ్ల ఈసీ తీయించు. లింకు డాక్యుమెంట్లు అడుగు.
బ్రోకరు నవ్వితే
ఇంకోసారి అడుగు.

మేం పన్నెండులో తీసుకున్నాం,
కూర్మన్నపాలెంలో మూడో అంతస్తు.
సముద్రం కనిపిస్తుందన్నాడు బిల్డరు.
అబద్ధం కాదు, కనిపిస్తుంది:
మేడమీద నీళ్ల ట్యాంకు ఎక్కి మునివేళ్ల మీద నిలబడితే,
స్టీలు ప్లాంటు పొగ పక్కకి ఒరిగిన రోజున,
చీర అంచంత.

పద్దెనిమిది లక్షలు. నూట ఎనభై నెలలు.
మొదటి నెల పందొమ్మిది వేల తొమ్మిదొందలు కట్టి
కొబ్బరికాయ కొట్టొచ్చాను.
అందులో వడ్డీయే పదిహేను వేల ఏడొందల యాభై అని
ఆరేళ్లకి గాని చదవలేదు.
అసలు కంటే వడ్డీ ముద్దని మనవల్ని చూసి అంటారే,
ఆ లెక్కన బ్యాంకంత అమ్మమ్మ లేదు.
రొయ్యల కంపెనీలో నా వేళ్లు ఒరుసుకుపోయాయి,
అసలు
అసలు కదల్లేదు.

హుద్‌హుద్ వచ్చింది. కిటికీలు లేచిపోయాయి.
మంచం మీద గాజుపెంకులు ఏరుకుంటూ కూర్చున్నాం,
కరెంటు లేదు, పాలు లేవు, ఫోను పలకదు.
ఐదో తారీఖు మాత్రం తోవ తప్పకుండా వచ్చింది.
వాయిదా అంటే
తర్వాత చూద్దామని అర్థం అనుకునేదాన్ని.
ఇన్సూరెన్సు ఉందా అని అప్పుడు వెతికాం.
ఉంది, మా ఆయన పోతే ఇచ్చేది.
కిటికీకి లేదు.

ఫిక్సుడా, ఫ్లోటింగా అంటావా?
సముద్రం పక్కన పుట్టావు, ఆటుపోట్లు నీకు కొత్తా
అంటాడు ఏజెంటు. నమ్మకు.
పోటెత్తిన నీరు తనే తీస్తుంది,
ఎవరూ అర్జీ పెట్టక్కర్లేదు.
వడ్డీ అలాక్కాదు. పెరిగేటప్పుడు తనే పెరుగుతుంది,
తగ్గాలంటే మనం వెళ్లి గుమ్మంలో నిలబడాలి.

కరోనాలో ఆర్నెల్లు కట్టక్కర్లేదన్నారు. సరే అన్నాం.
తర్వాత స్టేట్‌మెంటు తీయిస్తే
నూట ఎనభై కాస్తా నూట తొంభై మూడు.
మా ఆయన రిటైరయ్యేది ముందు,
ఇల్లు మాదయ్యేది తర్వాత.
కౌంటర్లో పిల్ల, శ్రీకాకుళం యాస,
కంప్యూటరు వంకే చూస్తూ మెల్లగా అంది:
“మీది పాత రేటు పిన్నీ. కొత్తవాళ్లకి ఏడే.
ఒక ఉత్తరం, నాలుగు వేల ఫీజు, అంతే.”
ఇన్నేళ్లూ చెప్పలేదేం?
“మీరడగలేదు కదా.”

ఆ మాట, వరహాలూ,
గోడకి రాసుకో, నీకు గోడంటూ వచ్చాక.
ఏడాదికోసారి వెళ్లి అడుగు.
రేటు తగ్గితే వాయిదా తగ్గించమనకు, నెలలు తగ్గించమను.
బోనసొస్తే ఫ్రిజ్జు కొనకు, అసలు మీద పడెయ్,
మొదటేళ్లలోనే, అది పసిగా ఉన్నప్పుడే.
మీ ఆవిడ పేరు ముందు పెట్టించు,
వడ్డీ కూసింత తగ్గుతుందట.
ఇంట్లో నీ గొంతు కూడా.

మరొకటి.
మనం ఇంట్లో పడుకుంటాం గాని
ఇల్లు మన దగ్గర పడుకోదు.
బ్యాంకు ఇనప్పెట్టెలో, తాడు కట్టిన ఫైల్లో, ఎవరివో కాగితాల పక్కన.
అప్పగించే ముందు మా దస్తావేజు ఒక్కో పేజీ తడిమి చూశాను.
ఇరవై మూడు.
చివరి దాని మీద నా వేలిముద్ర పక్కన
రొయ్యల వాసన.
అప్పు తీరిన రోజున నాకు ఇరవై మూడూ కావాలి.

నీవెన్నో లెక్కపెట్టు.
పైకి, నాకు వినబడేలా.