ఫారంలో లేని పొగ

ముప్పై ఒక్క ఏళ్లు ఈ ముక్కుతోనే ఉద్యోగం చేశాను.
సెకొండి సందుల్లో నన్ను చూస్తే చాలు
"టంకాసే వస్తోంది" అని పిల్లలు కేకేసేవాళ్లు.
ఆ కేకకి కుండలు మూతలు వెతుక్కునేవి,
కాలవలు గబగబా మొహం కడుక్కునేవి.

ఇప్పుడు మళ్లీ బడి.
పాత కస్టమ్స్ గోదాం, ప్లాస్టిక్ కుర్చీలు,
కరెంటు పోయినప్పుడల్లా ఆగి మొదలయ్యే పాఠం.
డాడ్జీ అని ఓ కుర్రాడు, నా కడగొట్టు కొడుకు ఈడువాడు,
అగ్గిపెట్టెంత యంత్రం బల్ల మీద పెట్టి
"మీ ముక్కుకి అందనిది ఇది చదువుతుందమ్మా" అన్నాడు.
నవ్వొచ్చింది. కాస్త ఉక్రోషం కూడా.

పదకొండో పేజీ దగ్గర ఆ నవ్వు ఆగింది.
పాత ఫారంలో ఏడు గడులుండేవి:
మరుగుదొడ్డి, మురుగుకాలవ, నీళ్లకుండ, దోమపురుగు...
మిగతావి ఇప్పుడు గుర్తు లేవు.
కొత్తదాంట్లో ఒక గడి అడుగుతోంది:
పొయ్యి దగ్గర ఎవరు? రోజుకి ఎన్ని గంటలు?
వీపున బిడ్డ ఉందా?

మాన్సా.
రేవుకి దిగే దారిలో చేపలకి పొగబెట్టే మాన్సా.
మట్టిపొయ్యి మీద జల్లెళ్ల దొంతర,
బంగారు రంగు తిరుగుతున్న కవ్వలు,
వీపున కట్టిన గుడ్డలో పసిది దగ్గుతుంటే
నేను కుండలోకి టార్చి వేసి చూస్తున్నాను.
నీళ్లు తేటగా ఉన్నాయి. పురుగు లేదు.
"సంతృప్తికరం" అని రాశాను.
వెళ్తుంటే రెండు చేపలు కాగితంలో చుట్టి ఇచ్చింది.
రూల్సు ఒప్పుకోవు, అయినా తీసుకున్నాను.
ఆ రోజు నా కళ్లూ మండాయి.
కళ్లకి గడి లేదు కదా.

భోజనాల వేళ డాడ్జీని అడిగాను,
"పాత ఫారాలు దిద్దుకునే పాఠం ఏమైనా ఉందా?"
వాడు పుస్తకం చివరిదాకా తిరగేశాడు, పాపం.

సర్టిఫికెట్ చేతికిచ్చిన మర్నాడే రేవు దారి పట్టాను.
మాన్సా లేదు.
ఆ వీపు మీది పిల్ల ఉంది, అదే పొయ్యి ముందు,
ఇప్పుడు తన వీపున ఒకటి.
"నీళ్లు బాగానే ఉన్నాయి టంకాసే"
అంటూ కుండ మూత తీయబోయింది.
వద్దన్నాను.
పీట లాక్కుని, యంత్రం ఒళ్లో పెట్టుకుని
పొగ వీచే వైపే కూర్చున్నాను.
అంకెలు ఎక్కుతున్నాయి.
"నీ దగ్గు ఎప్పట్నుంచి?" అన్నాను.

ఆమె చేప తిరగేస్తూ ఆలోచించింది.
"దగ్గా? ఏ దగ్గు?"