ఇంట్ల పదిహేను మంది

కోత్వాలు లచ్చులు పొద్దుగాల్నే దవండి ఏసిండు,
మరాఠీల ఒకసారి, మాకు సమజయితట్టు తెలుగుల ఒకసారి.
"ఏ ఇంట్లనైనా పదిహేను మంది కంటె ఎక్కువ కూడద్దు,
పెండ్లయినా, సావయినా, ముచ్చటయినా."
ముచ్చటయినా అన్నకాడ నా దిక్కు జూసిండు.
డప్పు మీద కట్టె ఒకటి ఎక్కువ పడ్డది.

ఎందుకో నాకెరుకే.
మాఘంల రంగు పోశాలు ఇంటి బంతిల తిన్నోళ్ళకు
వాడంత వాంతులు, బేదులు.
ఇద్దరు పోయిన్రు. అండ్ల ఒకతి నా జోడి ఆకు తెంపే
మల్లుబాయి. ఎడ్లబండ్లె ఆమె తల నా ఒడిలనే ఉండె.
అందుకే ఆ హుకుంను నేను తిట్ట.
గని రోగానికి కొలిసిన బట్టను
బాకీ అడిగే నోటికి గూడ కట్టవడితిరి.

బాకీ అంటె తునికాకు బోనసు.
రెండేండ్లది. కట్టకు డెబ్బై ఆకులు, ఒక్కటి తక్కువ పెట్టలె.
గుత్తేదారు ఐతారం అస్తడట.
ఆలోపల అరవై మూడిండ్ల మాట ఒక్కటి గావాలె.

బడి అరుగు మీద కూడుదామంటె అది సర్కారుది.
కల్లంల కూడుదామంటె అది గుత్తేదారుది.
ప్రాణహిత ఇసుకల కూడుదామంటె
నడుమ గీత ఏడున్నదో నీళ్ళకే తెల్వది,
గీ దరిన పోలీసులు, గా దరిన పోలీసులు.
మిగిలింది నా ఇల్లు.
రెండర్రలు. ముందటొక దర్వాజ, ఎనుకొక దర్వాజ.

పోలీస్ పాటిల్ బాపు నాకు వరుసకు మరిది.
మోరీ మీద కూసుండి, సుద్దముక్క పట్టుకొని
మా గోడకే గీతలు గీసిండు.
ఒకలు లోపలికి పోతె ఒక గీత,
ఎనుక నుంచి ఎల్లితె ఒకటి తుడుసుడు.
నన్ను గూడ గీసిండు.
ఇంటిదాన్ని గదా అంటె
"ఇంటిదానివైతె మనిషివి గావా వదినె" అన్నడు.
సంకల పిల్ల లెక్కకస్తదా అని
సిరొంచకు ఫోన్ జేసిండు.
గటు దిక్కు ఎవలో నవ్విన్రు. జవాబు చెప్పలె.

పద్నాలుగు పద్నాలుగు మంది అచ్చిన్రు.
మొదటి తడవ చెప్తాంటె నాకు కోపముండె.
రెండోసారి లెక్క మంచిగ కుదిరింది.
మూడోసారి మల్లుబాయి పేరు మరిసిన,
ఆమె బిడ్డ అక్కడ్నే కూసున్నది, ఏమనలె.
నాలుగో తడవల పాటిల్ పెండ్లాం అచ్చింది.
ఆమె గీత ఆయనే గీసి ఆయనే తుడిసిండు.
ఐదోసారికి దీపం పెట్టినం, ఆరుగురే మిగిలిన్రు.
ఎవలో చెప్పిన ముచ్చటను నేను అప్పజెప్తున్నట్టయింది.

అందరు ఔనన్నరు.
కాయిదం మీద అరవై మూడు బొటనేళ్ళు,
సిరా తోని ఆకు పసరు కలిసి.
హుకుం తప్పలె. లెక్క తప్పలె.

అయినా ఏదో అడుగంటినట్టున్నది.
ఎల్లుబాయి ఔనన్నది సమ్మక్క ఇనలె.
సమ్మక్క ఔనన్నది దుర్గుబాయి ఇనలె.
ఆకు మోపు కట్టేటప్పుడు
తాడు ఒక్క గుంజుకు బిగుస్తది సూడు,
గా సప్పుడు నా ఇంట్ల ఇయ్యాల పుట్టలె.
ఐతారం గుత్తేదారు జీపు ముందట
ఎవలకు వాళ్ళు తమ ఔను ఒక్కదాన్నే
కొంగున ముడేసుకొని నిలవడ్తరా?
ఏమో. మల్లుబాయి ఉంటె మొదలు ఆమె అరిసేది.

రాత్రి పాటిల్ దర్వాజ కాడికచ్చిండు.
టోపీ తీసి చేతుల పట్టుకున్నడు.
"వదినె, ఇంతకు ఏం అనుకున్నరు?"
పొద్దంత లెక్కవెట్టిండు గని ఒక్క మాట ఇనలేదాయె.
లోపలికి రమ్మన్న.
ఎనుకకు మర్రి, గోడ మీద రెండు గీతలు గీసి,
అచ్చి కింద కూసున్నడు.
"చెప్పు" అన్నడు.
ఆరోసారి మొదలువెట్టిన.