పేను వాన

గౌహతిలో దిగి సుమోలో ఆరు గంటలు.
వెనక సీట్లో మా అమ్మ, ఒళ్ళో రేకు డబ్బా.
టీలో నానిన ఎండుద్రాక్షల రొట్టె,
మూడు విమానాలు మారినా ఎవరి చేతికీ ఇవ్వలేదు.
"అక్కడ వాన పడుతుందా?" అని అడిగింది షిల్లాంగ్ దాటాక.
ఇబాన్‌రిషా నవ్వి కిటికీ అద్దం దించింది.
మేఘం లోపలికొచ్చి మా నెస్త్ పక్కన కూర్చుంది,
చార్జీ ఇవ్వకుండా.

మాదీ వానల ఊరే. వేల్స్ ఉత్తరాన
కొండని పొరలు పొరలుగా చీల్చి
లోకానికి ఇంటికప్పులూ బడిపలకలూ పంపిన ఊరు.
తడి గురించి మాకొకరు చెప్పాలా అనుకున్నాను.
సోహ్రాలో మొదటి రోజు ఉతికిన చొక్కా
నాలుగో రోజుకి బూజు పట్టింది,
దాంతోపాటు ఆ గర్వమూ.

ఇక్కడ వాన ఒక్కతి కాదు, ఒక వంశం.
లప్-బా అంటే పెద్దది, తలుపులు బాదేది.
నల్లగాలిని కొంగున కట్టుకొచ్చేది ఇంకోటి.
లప్-బొయ్-క్సి ఏమిటో
ఎనిమిదేళ్ళ బాంతెయ్ నా తలమీద వేళ్ళాడించి చూపించాడు:
జుట్టుమీద సన్నగా పాకే
పేను వాన.

వాడే మర్నాడు అక్షరాలు అప్పజెప్పాడు.
'గ' అన్నాక తడుముకోకుండా 'ఙ' అన్నాడు.
నా చేతిలో కప్పు ఆగిపోయింది.
అది మా వరస. మా బడిలో మేం వల్లించిన వరస.
ఎప్పుడో మా వైపు పాదిరి ఒకడు ఓడెక్కి వచ్చి
వీళ్ళ మాటలకి తన సంచిలో అక్షరాలు తొడిగాడట.
పొంగిపోవాలో, తప్పయిందనాలో తెలీక
చల్లారిన టీనే ఊదుకుంటూ కూర్చున్నాను.
ముత్తవ్వ త్రిలిన్ పొయ్యి దగ్గర్నుంచే అంది:
"చొక్కా మీవాడిచ్చాడు.
ఒళ్ళు మాదే."

పచ్చి వక్క చీల్చి, ఆకుకి సున్నం రాసి
అమ్మ చేతిలో పెట్టింది.
రెండు నమిలేసరికి అమ్మ చెవులు ఎర్రబడ్డాయి,
చలిలో చెమట.
"చచ్చిపోతున్నానేమో అడుగు," అంది నాతో.
ఇబాన్ అడిగింది. ముత్తవ్వ తల అడ్డంగా ఊపింది:
"చచ్చాక దేవుడింట్లో నమిలేదీ ఇదే. అలవాటు చేసుకోమను."

తర్వాత నెస్త్ గడ్డం పట్టుకుని
"ఇది ఖోంగ్‌సిత్ పిల్ల," అంది.
కాగితాల్లో నెస్త్ పెన్రీ.
ఆరేళ్ళుగా పుట్టినరోజు కేకుమీద
ఇంటిపేరుతో సహా రాయించే మా అమ్మ
నోట్లో వక్కతోనే నిటారుగా లేచింది.
నేను మాట్లాడలేదు. ఈ ఇంట్లో నేను
ఇల్లరికపు అల్లుణ్ణి,
నా ఇంటిపేరు నా పాస్‌పోర్టులో నిద్రపోతోంది.

"సరే, నీదే వంశం?" అంది ముత్తవ్వ.
"పెన్రీ."
"అది నీ మొగుడిది. నీది?"
"బెబ్." నలభైఆరేళ్ళకి, తుప్పు గొళ్ళెం తీసినట్టు.
"అది మీ నాన్నది. మీ అమ్మది?"
"ఎలిస్…" ఆగి, "అదీ వాళ్ళ నాన్నదే."
"ఆమె అమ్మది?"

అమ్మ పైకి చూసింది.
రేకుల మీద వాన పేరు మార్చుకుంటోంది.
డబ్బా మూత తీసి
అందరికంటే పెద్ద ముక్క కోసి ముత్తవ్వకిచ్చింది.
పళ్ళు లేని నోటితో ఆమె చాలాసేపు తింది.
బాగుందని మాత్రం అనలేదు.

రాత్రి వరండాలో అమ్మ, బాలాలో ఉన్న చెల్లెలికి ఫోను:
"కేరిస్, మన అమ్మమ్మని కన్నది ఎవరే?
పేరు… పుట్టింటి పేరు… వినపడట్లేదు…"
మేఘంలో సిగ్నలు పోయింది.
ఫోను చెవికే ఉంచుకుని నిలబడింది.

నెస్త్ కుర్చీ ఎక్కి
వాళ్ళ నాయనమ్మ నెరిసిన జుట్టు మీద
పది వేళ్ళూ సన్నగా పాకించింది.
"కదలకు," అంది, "ఇంకా పడుతోంది."