బ్రేకులు ఫెయిల్

నా ఉద్యోగం మాట్లాడటం.
లారీ కడగడం, టైర్లు తట్టి చూడటం, తాళ్ళు బిగించడం
అన్నీ ఆ తరవాతే.
మొంబాసా రేవు దాటాక తెల్లవార్లూ
మ్వంగాంగి చెవిలో నా గొంతు ఆగకూడదు.

ఏం మాట్లాడేవాణ్ణో అడక్కండి.
మా మేనమామ కొబ్బరిచెట్టు మీంచి పడి బతికిన సంగతి,
కిలిఫీ ఒడ్డున చేపల ధర,
నేను పెళ్ళాడదామనుకున్న పిల్ల నన్నడిగిన ప్రశ్న.
అదైతే నాలుగుసార్లు చెప్పాను,
నాలుగుసార్లూ ఆమె వేరే ప్రశ్నే అడిగింది.
అతను నవ్వేవాడు.
నవ్వితే చాలు, ఆ పూట జీతం గిట్టినట్టే నాకు.

ఆ రాత్రి నవ్వలేదు.

రేవులో రెండు పగళ్ళు, ఒక రాత్రి క్యూలో ఉన్నాం.
కన్ను మూస్తే ముందు బండి కదిలిపోతుంది,
వెనక బండి దూరిపోతుంది.
మరియాకాని కాటా దగ్గర ఇంకో ఐదు గంటలు.
కాటా మీద సిమెంటు తూగింది, ఇనుము తూగింది,
స్టీరింగు మీద డ్రైవరూ తూగాడు.
ఆ తూకం మాత్రం ఎవరూ రాసుకోలేదు.

యజమాని ఫోను చేశాడు.
"మధ్యాహ్నంలోగా నైరోబీ. లేదంటే ట్రిప్పు డబ్బులో కోత."
మ్వంగాంగి సరే అన్నాడు.
సరే అనని డ్రైవర్ని నేనింతవరకు చూడలేదు.

బుగ్గన మిరా పుల్లలు పెట్టుకుని నమిలాడు.
అది రెప్పల్ని ఎత్తి పట్టుకుంటుంది గానీ
వాటి వెనక మనిషి ఉంటాడని పూచీ పడదు.

వోయి దగ్గర కిత్తనార తోటలు మొదలయ్యాయి,
వెన్నెల్లో ఒకే ఎత్తున, ఒకే వరసలో.
"ఇంతమంది ఈ వేళప్పుడు ఎందుకు నిలబడ్డారు?" అన్నాడు.
చెట్లు అన్నాను.
"మరి టోపీలెందుకు పెట్టుకున్నారు?"
నేను పకపకా నవ్వాను.
జోకనుకున్నాను.

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు.
నిద్రకి రోడ్డు కూడా తెలీదు,
వెనకున్న ముప్పై టన్నులూ తెలీదు.

ఇప్పుడు మీకు ఒక నిజం చెబుతాను.
నేను ఆగిపోయాను. మాట మధ్యలో.
నేనూ అదే క్యూలో నిలబడ్డవాణ్ణే కదా.
ఏ మాట దగ్గర ఆగానో కూడా గుర్తుంది:
"ఆ తరవాత..."

ఆ తరవాత ఏమైందో ఇద్దరికీ తెలీదు.

నాలుగు సెకన్లు అయుంటుందన్నాడు ఆస్పత్రిలో ఒకాయన.
నాలుగు సెకన్లు, తొంభై మీటర్లు,
ఎవరూ నడపని లారీ.

కిత్తనార ముళ్ళు అద్దాన్ని గీకితే లేచాం.
బండి తోటలో ఉంది. ఇంజను నడుస్తూనే ఉంది.
రేడియోలో ఎవరో తీరిగ్గా వానల గురించి చెబుతున్నారు.
మ్వంగాంగి మొదట అన్న మాట,
"వచ్చేశామా?"

వెనక్కి నడిచి చూస్తే సైకిలు కనబడింది.
పొద్దు పొడవకముందే నార కోతకు బయల్దేరిన మ్వాకియో.
గోనెలో చుట్టిన కత్తి చుట్టినట్టే ఉంది,
టిఫిను మూత పెట్టినట్టే ఉంది.
ఆ వేళ ఆ రోడ్డు మీద
పూర్తిగా మెలకువగా ఉన్నది అతనొక్కడే.

పోలీసు కాగితం తీసేసరికి
యజమాని ఫోను మళ్ళీ మోగింది, ఈసారి నాకు.
ఏం చెప్పాలో చెప్పాడు. చెప్పాను.
బ్రేకులు ఫెయిల్.
నిద్ర అని రాసే గడి ఆ కాగితంలో లేదు,
లేకపోతే నేను వెతకలేదు.
మ్వంగాంగి నోరు విప్పలేదు,
రోడ్డు మీద నల్లటి గీత కోసం చూస్తున్నాడు.
బ్రేకు తొక్కితేగా పడేది.

ఇప్పుడు ఇంకో లారీ, ఇంకో డ్రైవరు.
ఆవలింత రెండోసారి వస్తే
పక్కకి ఆపు, ఒక్క గంట పడుకో అంటాను.
అతను ఫోను ఎత్తి యజమాని మెసేజీ చూపిస్తాడు.
సరే, మొదలుపెడతాను.
మేనమామ, కొబ్బరిచెట్టు, చేపల ధర.
"అప్పుడేమో" అంటాను, "ఇంకేముంది" అంటాను,
మోకాలి మీద గిల్లుకుంటూ
ఎన్ని మాటలైనా వాడతాను,
ఆ ఒక్క మాట తప్ప.