ఏది ముందు రేకు డబ్బాలో

శబ్దం వస్తోంది, బొమ్మ రావడం లేదు.
నల్లటి తెర అడుగున తెల్ల గీత జరుగుతోంది,
నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు.
ఎక్కడో కెటిల్ మరుగుతోంది.
కుర్చీ కిర్రుమంది.
చొక్కా చేతులు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి.
కర్రముక్కేదో బల్లకు తగిలింది.
అది మా అమ్మ మాట్లాడటం.

పుట్టుచెవుడు మా అమ్మ మిర్ద్జాకి.
చెప్పినదంతా చేతుల్తోనే చెప్పింది.
బతుకంతా ఆమె వాడనిది ఏదో
సరిగ్గా దాన్నే ఈ కంప్యూటర్
భద్రంగా నాకు అప్పజెబుతోంది.

ఈ ఫైలుకు కోడెక్ లేదు, అంది తెర.
లేదంటే ఏం చేస్తాం, వెతుకుతాం.
రాత్రి రెండింటికి వెతికాను, అదీ నా తప్పు.
ఆకుపచ్చ బొత్తాలు వరసకట్టి
అరచేతిలో వైకుంఠం చూపించాయి.
అన్ని వీడియోలూ ఆడతాయి, ఉచితం, ఇప్పుడే నొక్కండి.
ఒక్క పేజీలో మూడు బొత్తాలు,
మూడూ తానే అసలైనదానినన్నాయి.
వేలు మౌస్ మీదే ఉంది.

మా లియెపాయా ఒడ్డున తుఫాను వెలిసిన తెల్లారి
జనం వంగి నడుస్తారు అంబర్ కోసం,
తేనె ముద్ద గట్టిపడ్డట్టుండే తృణమణుల కోసం.
వాటి మధ్యే దొర్లుతుంటుంది భాస్వరం,
పాత యుద్ధాలు సముద్రంలో పారబోసింది.
అదే రంగు, అదే నునుపు.
తడిగా ఉన్నంతసేపూ బుద్ధిగా ఉంటుంది,
జేబులో ఆరాక అంటుకుంటుంది.
చిన్నప్పుడు అమ్మ నా కోటు జేబులు రెండూ కుట్టేసి
చేతికో రేకు డబ్బా ఇచ్చింది.
దొరికింది ఏదైనా ముందు ఇందులో.
ఆరనీ. చూద్దాం.

మౌస్ మీంచి వేలు తీశాను.

ట్రామ్ లైను చివర తాలివాల్దిస్ రిపేరు కొట్టు.
నెట్ తీగ పీకేసిన ముసలి కంప్యూటరొకటి ఉంది అతని దగ్గర,
మూతికి ఇన్సులేషన్ టేపు.
ముందు ఫైలు తల తెరిచి నాలుగక్షరాలు చదివాడు.
"బొమ్మని మడతపెట్టినవాడి పేరు ఇది.
వాళ్ళిప్పుడు చేతులు దులుపుకున్నారు.
పాత కోడెక్‌లో కన్నాలున్నాయని విండోస్ దాన్ని మూసిపెట్టింది.
ఆ తలుపు మనం తెరవొద్దు.
మడత విప్పడం వచ్చినవాణ్ణి పిలుద్దాం."

పిలిచింది ఒక చిన్న ప్లేయర్‌ని.
లోపల ఏముందో ఎవరైనా చదువుకోవచ్చు,
విప్పే విద్యలన్నీ తన మూటలోనే తెచ్చుకుంటుంది.
తయారుచేసినవాళ్ళ చోటు నుంచే దించాడు,
అయినా నమ్మలేదు.
అరవై నాలుగు అంకెలూ అక్షరాలూ,
ఒక వరస కాగితం మీద, ఒకటి తెర మీద.
అతను చదివాడు, నేను వేలు పెట్టి సరిచూశాను.
ఏడు, సి, సున్నా, సున్నా, ఎఫ్...
నలభయ్యో దగ్గర ట్రామ్ వెళ్ళింది, వరస తప్పింది,
మళ్ళీ మొదటినుంచి.

బొమ్మ వచ్చింది.
మొదట గళ్ళు గళ్ళుగా, తర్వాత ఒక మోచేయి, తర్వాత అమ్మ.
ఎడమచేతిలో బంగాళాదుంపలు తరిగే కత్తి, కర్ర పిడిది,
అందుకే సగం మాటలు ఒంటిచేత్తో, నత్తిగా.
"ఎర్రలైటు వెలుగుతోందా? లేకపోతే ఇదంతా దండగ."
పక్కింటి వెర్నెర్స్ నిచ్చెన ఇంకా తిరిగివ్వలేదట.
తాలివాల్దిస్ శబ్దం పెంచబోయాడు.
నేను పూర్తిగా తగ్గించేశాను.

మూడో నిమిషంలో ఒక సైగ చేసింది.
గడ్డం కింద రెండు వేళ్ళు, ఆపైన గాల్లో చిన్న మెలిక.
చేస్తూ నవ్వింది.
వెనక్కి తిప్పి ఆరుసార్లు చూశాం.
నాకు తెలియదు అది.
బడి హాస్టల్లో పిల్లలు టీచర్లకు తెలియకుండా
కల్పించుకున్న సైగేమో.

దానికి కోడెక్ ఎక్కడా దించుకోలేం.
వెంట్స్‌పిల్స్‌లో ఔస్మా ఉంది, అమ్మ పక్కమంచం అమ్మాయి,
ఎనభై మూడేళ్ళు, చూపు మందగిస్తోందట.
శనివారం బస్సు ఏడింటికి.
పెద్ద తెర లాప్‌టాప్ ఒకటి అరువడిగాను తాలివాల్దిస్‌ని.
ఛార్జర్ కూడా సంచిలో పెట్టి
జిప్పు వేసి, రెండుసార్లు లాగి చూశాడు.