తొండ ముదరదు

మొదటి దినం ఆమె అడిగింది నా పేరు కాదు,
గురి.
"రాయి ఇసిరితే తొండకు తగులుతాదా?"
తగులుతాది మేడం, అంటి.
చిన్నప్పట్నించి అదే పని మాకు.
తల ఊపుతా ఊపుతా దూరం నుంచే మన నెత్తురు పీలుస్తాదని,
అందుకే దాని మెడ ఎర్రబడేదని
మా జేజి చెప్పింది.
ఆమె నా చేతిలో రాయి తీసేసి
గాలం కర్ర పెట్టింది. కొసన నైలాను ఉచ్చు.
"ఇబ్బుడు తగలకుండ పట్టు."

అది తొంభై నాలుగు.
రాయదుర్గం దోవలో మా గుండ్లకొండ.
శెనక్కాయ ఊడ దిగకముందే మాడిపోయిన యేడు.
దినానికి ముప్పై రూపాయల కూలి,
తొండలు పట్టేదానికి!
ఊరంతా నవ్వినారు.
పరుపులు కుట్టే దూదేకుల ఇమామయ్య బిడ్డ కుళ్లాయమ్మ
అనంతపురంలో అంత సదువు సదివి
మిట్టమధ్యాన్నం రాయిమింద బోర్లా పండుకోని
తొండ ఎన్నిసార్లు తల ఊపిందో రాసుకుంటాంది.

తోక మొదట్లో పూసలు కుడతాండె.
ఎరుపు, తెలుపు, నీలం. అది ఒకడి పేరు.
వాళ్ల నాయన పరుపుకేసే కుట్టే అది,
అంతే లెక్కగా, దారం బిగియకుండ.
నాకు ఇప్పటికీ కొందరు గుర్తుండారు.
పసుపు-పసుపు-పచ్చ, పదకొండో గుండు మిందోడు:
ఆడది కనబడితే వీపు నిప్పు, పక్కలు మసి.
ఇంకో మగోడు ఎదురైతే చిటికెలో పసుపు.
అంత ఎర్రగుంటే గద్ద కూడా చూస్తాది కదా మేడం?
ఆమె పెన్ను ఆపింది.
"ఆ ప్రశ్నకే తిప్పేస్వామీ, నాకు జీతమిస్తాండేది."

ఒకనాడు సామెత చెప్పినా,
తొండ ముదిరి ఊసరవెల్లి అయిందంట అని.
నోటుబుక్కు తిప్పి చూపించింది.
పూసలు కుట్టిన మగతొండలు మూడునూర్ల పన్నెండు.
రెండో ఎండాకాలం చూసినవి పంతొమ్మిది.
"తొండ ముదరదప్పా. ముదిరేంత టైము యాడిది దానికి?
మారేది తొండ కాదు. దాని వరస."
ఆ మాట నాకు అర్థమయ్యే లోపల
నా బిడ్డలిద్దరు నాకంటే పొడుగైనారు.

గుండ్లకు మేము తెల్లపెయింటుతో అంకెలేసింటిమి,
ఒకటి నుంచి డెబ్భైరెండు.
క్వారీవాళ్లు వచ్చి ఎర్రపెయింటుతో వాళ్ల అంకెలేసుకునిరి.
మా పదకొండు వాళ్లకు నాలుగు.
లారీలో పోతాంటే రోడ్డుపక్క నిలబడి చూస్తిమి,
కోసిన రాయి మింద సగం ఒకటి, పక్కన ఇంకో ఒకటి
ఎండకు మెరుస్తా పోయినాయి.
ఆమె ఏడుస్తాదనుకున్యా.
బుక్కు తీసి రాసింది: "11 — లేదు."
ఆనక చాలాసేపు పెన్ను మూత దొరకలేదు.

మరుసటి వారం మళ్లా వచ్చింది.
ఈసారి క్వారీ అంచునే పండుకునింది.
ఇంత దుమ్ములో రంగు ఎవురికి కనబడతాది,
కనబడకపోతే వీడు ఏం చేస్తాడు,
అదీ కొత్త లెక్క.
ఆరేండ్లు. నా చెవుల్లో ఇప్పటికీ ఆ డైనమేటు మోగుతాంటాది.
తల ఎక్కువ ఊపుతాండారు మేడం, అని నేననేవాణ్ని.
"అనిపిస్తే కాదు, లెక్కబెట్టు" అనేది.
లెక్కబెడితే కొన్ని యేండ్లు ఎక్కువొచ్చె, కొన్ని యేండ్లు రాలే.
దేశాలకు పంపిస్తే వాళ్లు రెండుసార్లు తిప్పి పంపిరి.
మూడోసారి అచ్చేసిరి.
కడాకు, చీమల్లాంటి అక్షరాల్లో నా పేరు:
టి. స్వామి.
తిప్పే యాడ పోయిందో.

పోయిన ఉగాదికి ఆమె రిటైరైంది.
గాలం కర్ర మా ఇంటి చూరులో ఉండాది.
నిన్న మేకల్ని తోలుకోని పోతాంటే
అరవైమూడో గుండు మింద ఒకడు.
పూసల్లేవు. పేరు లేదు.
వీపు అప్పుడప్పుడే ఎర్రబడతాంది.
కూలి ఇచ్చేవాళ్లు లేరు, రాసుకునేవాళ్లు లేరు,
అయినా కూచున్యా.
పదమూడో ఊపు కాడ మేక అరిచె, నా లెక్క తప్పె.
మళ్లా ఒకటి.
రెండు.