మూడు ముప్పైలు

నా పని లెక్కపెట్టడం, అంతే.
రాత్రి రెండుంబావు. ఆవురిక్ ఊరవతల గుర్రాల ఆసుపత్రి.
ఉత్తర సముద్రం మీంచి వచ్చే గాలి
బయట ట్రైలర్ రేకుని ఆగకుండా కొడుతోంది.

బల్ల మీద వెల్లకిలా, నాలుగు కాళ్ళూ పైకి,
ఐదువందల ఎనభై కిలోల గోధుమవన్నె ఆడగుర్రం.
పదకొండు రోజుల బాలింత.
పేగు తెంచుకు కన్నదని ఊరికే అనరు.
ఈనిన నొప్పుల్లో పేగుల తెర ఎక్కడో చిరిగింది,
ఆ చిరుగులోకి దూరి చిన్నపేగు
తన ఉరి తానే బిగించుకుంది.

వీబ్కె డాక్టరు మోచేతుల దాకా లోపల.
బారెడు బయటికి తీసింది. వంకాయ రంగు.
"ఇంకా మనదే," అంది.

ముడి వదిలింది. నేను ఊపిరి వదలబోయాను.
"అప్పుడే కాదు" అంటూ రక్తనాళాన్ని
రెండు వేళ్ళ మధ్య మళ్ళీ నొక్కి పట్టింది.

నాకప్పటిదాకా తెలీదు:
నెత్తురు అందక చచ్చేది కొంత,
అందీ అందగానే చచ్చేది ఇంకొంత.
నకనకలాడిన కడుపుకి
మొదటి పూటే విందు పెట్టకూడదట,
గంజి పొయ్యాలట, గరిటె గరిటెగా.

"లెక్కపెట్టు."
గాభరాలో బడి భాష రాలేదు.
నాయనమ్మ ఈల్ చేపలు లెక్కపెట్టే యాస వచ్చింది.
ఏన్, ట్వే, డ్రే... ముప్పై. వదిలింది.
కాసేపు పారనిచ్చింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ ముప్పై.

మూడు కప్పుల టీ తాగందే
నాయనమ్మ ఎవర్నీ కుర్చీ దిగనిచ్చేది కాదు.
కప్పు అడుగున పటికబెల్లం పలుకు
వేడి తగలగానే చిటుక్కున పగిలేది.
ఆ చప్పుడంటే నాకిష్టం.
ఇవాళ వద్దు. ఇవాళ ఏదీ పగలొద్దు.

మూడోసారి
ఇరవై ఏడు దగ్గర తప్పాను.
వీబ్కె తప్పలేదు, మాస్కు వెనక ఆమె పెదాలూ కదులుతున్నాయి.

వేళ్ళు తీసింది.
యంత్రం ఊపిరి ఒక్కటే వినపడుతోంది.
వంకాయ అంచున మసక ఎరుపు,
తర్వాత, గులాబీ అననా?
అనను. జానెడు మేర నల్లగానే ఉండిపోయింది.
అది కోసెయ్యాలి.
మిగతాది వేలితో తడితే
నిద్రలో పిల్లాడు ఒత్తిగిల్లినట్టు
కాస్త కదిలింది.

బయట కొట్టంలో ఫోక్కో,
ఒక చేత్తో పాలసీసా, ఒక చేత్తో పిల్ల మెడ.
"బతుకుతుందా?"
అది నా పని కాదు.
"తొంభై దాకా లెక్కపెట్టాం" అన్నాను,
"అందులో ఒకటి తప్పు."
అదే జవాబన్నట్టు తలూపి
సీసా కాస్త పైకెత్తాడు.